పర్శరాములు ఆదివారం చదువు

షడ్డకుడు అనే చుట్టరికం ఒకటుందే, దాన్ని ఎవరు కనిపెట్టారో గానీ మనిషిని కుదురుగా కూర్చోనివ్వదు. అన్నదమ్ములైతే చిన్నప్పుడే కొట్టుకుని, తిట్టుకుని, ఎవరి చోటు ఏదో తేల్చుకుంటారు. షడ్డకులకు ఆ సౌకర్యం లేదు. ఎక్కడో పుట్టి ఎక్కడో పెరిగి, అక్కాచెల్లెళ్ళను చేసుకున్న పాపానికి బతికినంతకాలం ఒకరి పక్కన ఒకరు నిలబడి కొలత ఇవ్వాలి. ఎవరి నౌకరి ఏమిటి, ఎవరి పెళ్ళాం మెడలో ఏముంది, అత్తగారు ఎవరి కంచంలో నాలుగు ముక్కలు ఎక్కువ వేసింది, ఇదే గోల. సిద్దిపేటలో ఖుతుబుద్దీన్ సేటు పత్తిమిల్లులో అకౌంటెంటుగా చేసిన పర్శరాములుకు ఈ కొలతల జబ్బు బాగా ఉండేది. చెడ్డవాడని ఎవరూ అనలేరు. మిల్లు సొమ్ము ముట్టుకునేవాడు కాదు, ఎవరితోనూ మాట పడేవాడు కాదు. ఉన్న దోషమల్లా ఒకటే, పక్కవాడు బాగుపడుతుంటే చూడలేడు.

పర్శరాములు సిద్దిపేట డిగ్రీ కాలేజీలో బీకాం చదివాడు. ఆ తర్వాత ఐసీడబ్ల్యూఏ మొదలుపెట్టాడు. దాని ఇంటర్ పరీక్షలు సగం పాసై, సగం మిగిలి ఉండగా తండ్రి పోయాడు. పుస్తకాలు అటక మీద పడేసి మిల్లులో చేరాడు. అతనికి పిల్లనిచ్చిన వెంకటనర్సయ్యది కోహెడ, తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి. కొడుకుల్లేరు. అంజమ్మ, రాధమ్మ అని ఇద్దరు బిడ్డలు. పెద్దబిడ్డకు చదువుకున్న మొగుడు దొరికాడని ఆయన ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎడ్లు కొనాలన్నా, గోడ లేపాలన్నా, పిల్లనియ్యాలన్నా ఇంట్లో కూర్చుని మాట్లాడరు. అందరూ తాటివనంలోకి పోతారు. వెంకటనర్సయ్య అప్పుడే చెట్టు మీంచి దించిన కల్లు లొట్టి ముందు పెట్టుకుని, తాటాకు మడిచి దొప్ప చేసి, మొదటి దొప్ప ఎవరికి పోస్తే వాళ్ళు మాట చెప్పాలి. తాగి, మూతి తుడుచుకుని చెప్పిన ఆ మాటే ఖాయం. తర్వాత ఎవరూ కిక్కురుమనరు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ మొదటి దొప్ప పర్శరాములుదే. కల్లు రుచి అతనికి పెద్దగా పట్టేది కాదు గానీ, ఆ దొప్ప పట్టుకున్నప్పుడు అందరూ తన మొహంలోకే చూస్తుంటారు చూడండి, ఆ రుచి మాత్రం బాగా పట్టింది.

అలాంటి సంసారంలోకి సుధాకర్ వచ్చాడు. రాధమ్మను చేసుకున్నాడు. అతనూ బీకామే. సిద్దిపేటలోనే ఒక విత్తనాల కంపెనీ గోదాములో క్లర్కు. పర్శరాములు ఇంటికి రెండు గల్లీల అవతల కిరాయికి ఉండేవాడు. మనిషిది నవ్వు మొహం. ఎవరితో మాట్లాడినా భుజం మీద చెయ్యి వేసి మాట్లాడతాడు. ముందు పర్శరాములుకు ఆ నవ్వే పడలేదు. ఎందుకు పడలేదో చెప్పమంటే చెప్పలేడు. కోహెడ పోతే అత్త కిష్టవ్వ "చిన్నల్లుడు ఏం తిన్నడో ఏమో" అని రెండుసార్లు అడిగేది, తనను ఒక్కసారే అడిగేది. సుధాకర్ వాకిట్లో మంచం వాల్చుకుని పడుకుంటే వాడకట్టోళ్ళంతా వచ్చి చుట్టూ కూర్చునేవాళ్ళు. పర్శరాములు పేపరు అడ్డం పెట్టుకుని అదంతా వినేవాడు, ఒక్క వార్తా తలకెక్కేది కాదు. ఏదన్నా దొరికితే అనాలని కాచుకుని ఉండేవాడు. ఆ మహానుభావుడు అనడానికి ఏమీ దొరకనిచ్చేవాడు కాదు, పైగా "అన్నా, అన్నా" అని వెంట తిరిగేవాడు. ఒళ్ళు మండదా మరి?

తొంభై మూడు ఎండాకాలంలో రెండు కుటుంబాలూ కోహెడ పోయినప్పుడు, ఇంట్లో ఒక మాట తేల్చాల్సి ఉందని వెంకటనర్సయ్య అందరినీ పొద్దున్నే వనంలోకి తీసుకుపోయాడు. మాట సుధాకర్‌ది.

"అన్నా, మా కంపెనీల కరీంనగర్‌కు అకౌంట్స్ మేనేజర్ కావాలంటున్రు," అని మొదలుపెట్టాడు సుధాకర్. "ఒట్టి డిగ్రీ ఉంటే ఇయ్యరంట. హైదరాబాద్‌ల ఒక కాలేజోళ్ళు కొత్తగ పెట్టిన్రు. ఆదివారం ఆదివారం క్లాసులు. మూడేండ్లల్ల ఎంబీఏ అయితది, దాంతోటే ఐసీడబ్ల్యూఏ గూడ చదివిపిస్తరు. నౌకరి ఇడిశిపెట్టే పని లేదు. చేరాల్నా వద్దా అని."

"గవేం చదువులు బిడ్డా?" అన్నాడు వెంకటనర్సయ్య.

పర్శరాములు గొంతు సవరించుకున్నాడు. "ఒకటి మేనేజర్ల చదువు మామా. మంది తోని పని ఎట్ల చేపియ్యాలె, సరుకు ఎట్ల అమ్మాలె అని. ఇంకోటి ఖర్చుల లెక్క. కింటాలు పత్తి దూదైతందుకు ఎంత పడుతది, నష్టం యాడ అయితుంది, గది పట్టుకునేటోళ్ళు."

"రెండూ ఒక్కలే చదువుతరా?"

"రెండూ ఉన్నోళ్ళు మన దిక్కు ఎవ్వరు లేరు మామా," అన్నాడు సుధాకర్. "అందుకే ఆశ."

"నాకు తాళ్ళు ఎరుక గని, చదువులు ఏం ఎరుక. పెద్దల్లుడు చెప్పాలె." వెంకటనర్సయ్య దొప్ప మడిచి పర్శరాములు చేతికిచ్చి కల్లు వంచాడు.

పర్శరాములు దొప్ప నోటికి పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడు గానీ, గొంతులోకి దిగింది కల్లు కాదు, కరీంనగర్. సుధాకర్ మేనేజర్ అవుతాడు. కంపెనీ జీపులో కోహెడ దిగుతాడు. అత్త ఇక రెండుసార్లు కాదు, పదిసార్లు అడుగుతుంది. ఎడ్లు కొనాలన్నా గోడ లేపాలన్నా మొదటి దొప్ప ఎవరి చేతిలో ఉంటుంది? పత్తిమిల్లులో లెక్కలు రాసుకునే పర్శరాములు చేతిలోనా? అతనికి కడుపులో భగ్గుమంది. ఆ మంట అందరికీ తెలిసిపోతుందేమోనని భయపడి ఇంకో గుటక తాగాడు.

మూతి తుడుచుకుని చాలా నెమ్మదిగా చెప్పాడు. "వద్దు తమ్మీ. నీ మంచికే చెప్తున్న. ఐసీడబ్ల్యూఏ పరీక్షలు డిసెంబర్ల, జూన్ల పడుతయి. ఎంబీఏ పరీక్షలు గూడ గప్పుడే పెడుతరు. ఒకటి రాస్తే ఒకటి ఇడిశిపెట్టాలె. ఆఖరుకు రెండూ చేతిల ఉండయి. నేను చదివి చూసినోన్ని, నూరు మంది రాస్తే పది మంది గట్టెక్కరు. మూడేండ్లు ఆదివారమన్నది ఉండది. ఇంట్ల చిన్నపిల్ల ఉంది. రాధమ్మ ఒక్కతి ఎట్ల తిప్పలు పడుతది? గంత చేసినా మూడేండ్ల దాంక నీ కంపెనీ కుర్చీ ఖాళీగ పెట్టి ఎదురుచూస్తదా?"

ఇందులో ఒక్క అబద్ధం లేదు, అక్కడే ఉంది తమాషా. ఆ చదువును తూకం వెయ్యడానికి ఒక పళ్ళెంలో ఎన్ని రాళ్ళు పెట్టాలో అన్నీ పెట్టాడు. రెండో పళ్ళెంలో పెట్టాల్సింది ఒకటి మాత్రం జేబులోనే ఉంచుకున్నాడు. ఆ రెండు చదువుల్లో సగం సబ్జెక్టులు ఒకటే. ఒకసారి చదివితే రెండు చోట్లా రాయొచ్చు. ఆ రెంటినీ కలిపి పెట్టడంలో కిటుకంతా అదే. ఐసీడబ్ల్యూఏ సగం చదివిన పర్శరాములుకు అది తెలుసు, సుధాకర్‌కు తెలియదు.

సుధాకర్ మొహంలో నవ్వు కాసేపు అట్లాగే ఉండి, తర్వాత మెల్లగా పోయింది. "సరే అన్నా. మీరు చూసినోళ్ళు, మీరు చెప్తే అయిపాయె," అన్నాడు. చేతిలో ఉన్న కాలేజీ వివరాల పుస్తకం పర్శరాములుకే ఇచ్చేశాడు. "నా దగ్గరుంటే మల్ల చూడబుద్ధయితది. మీరే పెట్టుకోన్రి."

తిరుగు బస్సులో అంజమ్మ చెల్లెలితో అంటుంటే పర్శరాములు విన్నాడు. "మా ఇంటాయన సూశే గాబట్టి చెప్పిండు రాధా. లేకుంటే మూడేండ్లు మన్నుల పోసినట్టే." రాధమ్మ అవునవునంది. పర్శరాములు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. గెలిచాడు కదా, సంతోషంగా ఉండాలి. ఉందనే అనుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆ పుస్తకం తీశాడు. ఊరికే చూద్దామని తీశాడు. ఆ ఊరికే చూడ్డం నాలుగు రోజులు సాగింది. ఒకవైపు సబ్జెక్టులు, రెండోవైపు సబ్జెక్టులు, మధ్యలో రెంటికీ పనికొచ్చేవి. కాస్ట్ అకౌంట్స్ తనకు కొట్టినపిండి. వద్దని సుధాకర్‌కు చెప్పిన కారణాలన్నీ తనకు తాను చెప్పుకుని చూశాడు. పరీక్షలు గుద్దుకుంటాయి. గుద్దుకోనీ, ఎప్పుడో చదివినవే కదా. ఆదివారాలు పోతాయి. పోనీ, ఆదివారం ఇంట్లో ఉండి చేసేదేముంది, సుధాకర్ వచ్చి కూర్చుంటే వాడి నవ్వులు వినడమే కదా. వయసు ముప్ఫై ఆరు. అయితే ఏమిటి, ముప్ఫై ఆరేళ్ళవాణ్ణి మేనేజర్‌గా తీసుకోరా? పక్కవాడికి కొండంత కనిపించిన ప్రతి అడ్డూ తన దగ్గరికొచ్చేసరికి గులకరాయి అయిపోయింది. ఇంతకీ అతణ్ణి లాగింది చదువు మీద ఆశా, సుధాకర్‌కు లేనిది తనకుండాలనే యావా అంటే, రెండూ అనే చెప్పాలి. యావ పాలు కాస్త ఎక్కువ.

జూలైలో చేరాడు. సేటుకు మాత్రం చెప్పాడు, చెప్పక తప్పదు గనక. ఖుతుబుద్దీన్ సేటు సంతోషించి, "చదువు మంచిదే గద పర్శరాములు, దాచుడెందుకు?" అన్నాడు.

"పాసైనంక చెప్త సాబ్. ఫెయిలైతే ఇజ్జత్ పోతది," అన్నాడు పర్శరాములు. ఇంట్లో అంజమ్మకు మాత్రం సేటుగారి హైదరాబాద్ లెక్కలు ఆదివారం తానే చూడాలని చెప్పాడు. అంజమ్మ అది కూడా గొప్పగానే చెల్లెలికి చెప్పుకుంది.

ఆదివారం మొదటి బస్సుకు పోయి సికింద్రాబాదులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని నారాయణగూడ చేరేవాడు. క్లాసులో అందరికంటే పెద్దవాడు తనే. మిగతావాళ్ళు టై కట్టుకున్న బ్యాంకు కుర్రాళ్ళు, ఇంగ్లీషులో దగ్గి ఇంగ్లీషులో తుమ్మే రకం. వాళ్ళను చూసినా కడుపుమంటే. లెక్కల క్లాసులో మాత్రం పర్శరాములు ముందు వాళ్ళు నోళ్ళు తెరిచేవాళ్ళు. ఒక ఆదివారం ఒక లెక్చరర్ బోర్డు మీద, మనిషి చేత కష్టపడి పని చేయించేది ఏది అని రాసి జవాబులు అడిగాడు. జీతమన్నారు, గౌరవమన్నారు, భయమన్నారు, పదవి అన్నారు. బోర్డు నిండిపోయింది. పర్శరాములు చివరి బెంచీలో కూర్చుని, ఈ లెక్చరర్‌కు షడ్డకుడు లేడు కాబోలు అనుకున్నాడు.

దసరా దాటింది. పత్తి రావడం మొదలైంది. సీజన్లో మిల్లుకు ఆదివారం లేదు. కోహెడ, నారాయణరావుపేట దిక్కు నుంచి బండ్లు వచ్చి రోడ్డు పక్కన బారులు తీరతాయి. కాంటా దగ్గర నిలబడి తూకం చూసి చిట్టీ రాసివ్వడానికి నమ్మకమైన మనిషి ఉండాలి.

"ఆదివారం నువ్వు పోతవ్. మరి కాంటా కాడ ఎవరు?" అన్నాడు సేటు. "నీ షడ్డకుడు ఉన్నడు గద, సుధాకర్. ఆదివారం ఆయన గోదాము బంద్. షరీఫ్ మనిషి, నమ్మొచ్చు. ఆయన్ని పిలువు."

ఊళ్ళో ఇంతమంది ఉండగా సేటు నోటికి ఆ పేరే రావాలా? పర్శరాములు ఇంకో ఇద్దరి పేర్లు చెప్పి చూశాడు. సేటు తల అడ్డంగా ఊపాడు. ఇంటికొచ్చి అంజమ్మతో గొణిగితే ఆమె కూడా, "ఇంటి మనిషి ఉండంగ బయటోళ్ళెందుకు?" అంది. చేసేది లేక పర్శరాములు రెండు గల్లీలు దాటి పోయాడు.

సుధాకర్ బిడ్డను భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతున్నాడు. పర్శరాములు విషయం చెప్పాడు. "నాకు హైదరాబాద్‌ల సేటు పని ఉంటది తమ్మీ, ఆదివారం ఆదివారం. సీజన్ అయిపోయేదాంక."

"హైదరాబాద్‌ల సేటు పనా అన్నా?" అన్నాడు సుధాకర్.

"ఆ, లెక్కల పని."

సుధాకర్ బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "సరే అన్నా. కూసుంట. మీరు ఫికర్ పెట్టుకోకున్రి," అన్నాడు. చాయ్ తాగి పొమ్మన్నాడు. పర్శరాములు తాగకుండానే వచ్చేశాడు.

అక్కణ్ణుంచి అతని బతుకు విచిత్రమైపోయింది. ఏ చదువు సుధాకర్‌కు వద్దన్నాడో అది తాను చదువుతుంటే, తన కుర్చీ సుధాకర్ కాపలా కాస్తున్నాడు. కాస్త సిగ్గుపడాల్సిన సంగతే. సిగ్గు వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకోటి వచ్చింది. సోమవారం మిల్లుకు పోతే హమాలీలు "సుధాకర్ సారు ఇయ్యాల రాడా?" అని అడిగేవాళ్ళు. సుధాకర్ కాంటా దగ్గర రైతులతో నవ్వుతూ మాట్లాడతాడట, దూరం నుంచి వచ్చినవాళ్ళను నీడలో కూర్చోబెడతాడట. వేరే మిల్లుకు పోయే బండ్లు కూడా ఆదివారం చూసుకుని ఇటు వస్తున్నాయట. సేటు అది చెప్పి చెప్పి, "నువ్వు గూడ కొంచెం నవ్వు పర్శరాములు," అన్నాడు ఒకరోజు. ఆ మాటకు పర్శరాములు నిజంగానే నవ్వబోయాడు, మొహం సహకరించలేదు. ఇన్నేళ్ళు ఇక్కడ రెక్కలు ముక్కలు చేసుకున్నది తను, వారానికొకసారి వచ్చి పేరు కొట్టేసింది వాడు. నారాయణగూడలో పాఠం వింటున్నా మనసు సిద్దిపేట కాంటా దగ్గరే తచ్చాడేది. ఇప్పుడు ఏ బండి వచ్చిందో, వాడు ఎవరి భుజం మీద చెయ్యి వేశాడో అని.

డిసెంబరు దగ్గర పడింది. రెండు పరీక్షల తేదీలూ వచ్చాయి. తాటివనంలో తాను ఎట్లా చెప్పాడో అచ్చం అట్లాగే పడ్డాయి. ఐసీడబ్ల్యూఏ ఒక పూట, ఎంబీఏ ఇంకో పూట, వారమంతా కలగాపులగం. రెండూ రాయాలంటే వారం రోజులు హైదరాబాదులోనే ఉండాలి. నిండు సీజన్లో వారం సెలవు సేటు ఇవ్వడు, ఇవ్వలేడు. ఇస్తే కాంటాతో పాటు లెక్కలు కూడా ఎవరన్నా చూడాలి. చూడగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు, అతణ్ణి మళ్ళీ అడగడానికి పర్శరాములుకు నోరు రాదు. ఒకటి వదిలెయ్యాలి. ఎంబీఏనా, ఐసీడబ్ల్యూఏనా? ఏది వదిలినా రెండోది సగం చదువే. సగం చదువు అతని దగ్గర ముందే ఉంది, ఇంకో సగం దేనికి? ఆ రెండు రోజులు ఇంట్లో ఎవరు పలకరించినా కసురుకున్నాడు.

రెండో రోజు సాయంత్రం మిల్లు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే సుధాకర్ వచ్చాడు. అంజమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. సుధాకర్ అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నా, నేను గోదాముల వారం సెలవు పెట్టిన," అన్నాడు. "సేటుతోని గూడ మాట్లాడిన. మీ లెక్కలు, కాంటా రెండూ నేను సూసుకుంట. మీరు పోయి పరీక్షలు రాసి రాన్రి."

పర్శరాములు చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. "ఏం పరీక్షలు?"

"నాకు ఎరుకే అన్నా. ఆగస్టుల హైదరాబాద్ పోయిన. వచ్చే ఏడన్న సీటు దొరుకుతదా అడుగుదామని. సిద్దిపేట అనంగనే గాడ ఆఫీసుల కూసున్నాయన, మీ ఊరాయన చదువుతుండు గద, ఆయన్నే అడుగు అన్నడు. పేరు గూడ చెప్పిండు."

ఆగస్టు. అంటే దసరా తర్వాత తాను పోయి ఆదివారం కూర్చోమని అడిగిన నాటికే తెలుసు. తెలిసే బిడ్డను భుజం మార్చుకున్నాడు, తెలిసే సరే అన్నాడు. పర్శరాములు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? కోపమొచ్చింది. అబద్ధమెందుకు, రెండు దినాలు అన్నం సైసలే. మిమ్ములను నడిబజార్ల నిలవెట్టి అడుగుదామనుకున్న. మల్ల ఇంటికొచ్చి కూసోని మీరు చెప్పినయన్ని ఒక్కొక్కటి యాది చేసుకున్న. అన్నీ నిజమే. పరీక్షల తేదీలు గూడ కనుక్కున్న, మీరు చెప్పినట్టే పడ్డయి." సుధాకర్ తలెత్తి అతని మొహంలోకి చూశాడు. "సగం సబ్జెక్టులు రెండిట్ల ఒక్కటేనంట గద అన్నా. గా ఆఫీసాయన చెప్పిండు. గదొక్కటి మీరు నాకు చెప్పలే. గది చెప్పి వద్దన్నా సరేనని ఊకుంటుంటి."

తిట్టి ఉంటే బాగుండేది. చొక్కా పట్టుకుని ఉంటే ఇంకా బాగుండేది, నలుగురిలో పర్శరాములు కూడా నాలుగు అని, తన కడుపుమంటకు ఒక కారణం దొరికేది. ఈ మనిషి అదీ చెయ్యడు. పర్శరాములుకు ఏదన్నా చెప్పాలని ఉంది. తప్పయింది తమ్మీ అనే మాట నాలుక చివరి దాకా వచ్చి అక్కడే కూలబడింది. అంతలోనూ, ఇంత జరిగి కూడా, లోపల ఒక మూల మంట మండుతూనే ఉంది. ఇన్నాళ్ళూ సుధాకర్ నవ్వు చూసి కుళ్ళాడు, మేనేజర్ కుర్చీ తలుచుకుని కుళ్ళాడు, మిల్లులో పేరు విని కుళ్ళాడు. ఇప్పుడు ఆ మనిషి ఇట్లా అరుగు మీద కూర్చుని ఈ మాట అనగలిగినందుకు కుళ్ళుతున్నాడు. తానైతే చచ్చినా అనలేడు. అది తనకు తెలుసు.

"ఒకటి రాసి ఒకటి ఇడుస్తరేమోనని వచ్చిన," అన్నాడు సుధాకర్ లేస్తూ. "ఇడువకున్రి. రెండూ రాయున్రి. వచ్చే ఏడు నేను చేరుత, అప్పుడు మీ పుస్తకాలియ్యున్రి, సాలు. కరీంనగర్ కుర్చీ ఉంటదో పోతదో, చదువైతే ఉంటది గద." గేటు దాకా పోయి వెనక్కి తిరిగాడు. "రాధకు తెల్వదు. చెప్పలే. మీరు గూడ వదినెకు చెప్పకున్రి, ఊకె అక్కచెల్లెండ్ల నడుమ మాటలయితయి."

అతను పోయాడు. పర్శరాములు చెంబు కింద పెట్టి వెనక్కి తిరిగేసరికి గడపలో అంజమ్మ నిలబడి ఉంది. చేతికి పిండి అంటి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో గానీ, మొహం చూస్తే ఇంక చెప్పాల్సిందేమీ మిగల్లేదని తెలిసిపోతోంది.

ఈ పదేళ్ళలో అంజమ్మ పది మందిలో మొగుణ్ణి తక్కువ చేసి ఒక్క మాట అనలేదు. చెల్లెలి ముందైతే మరీ. మా ఇంటాయన ఇట్ల, మా ఇంటాయన అట్ల అని చెప్పుకోవడమే ఆమె సంబరం. తాను చదువుకోకపోయినా మొగుడి చదువు తనదే అన్నట్టు తిరిగేది. ఇప్పుడు ఆమె అరుస్తుందని పర్శరాములు అనుకున్నాడు. ఏడుస్తుందేమోననీ అనుకున్నాడు. రెంటికీ సిద్ధపడే నిలబడ్డాడు.

"రాధకు చెప్పలేదంటనా?" అంది అంజమ్మ.

"చెప్పలేదంట."

"గిన్ని నెలలు కడుపుల పెట్టుకున్నడా?"

పర్శరాములు తలూపాడు. అంజమ్మ సుధాకర్ పోయిన గల్లీ వైపు కాసేపు చూసింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే వినలేకపోయాడు పర్శరాములు.

"మా చెల్లె పెట్టి పుట్టింది," అంది, రొట్టె మాడుతోందని లోపలికి పోయింది.